మూడో తీగ కథ: గాలి కంప్రెసరుకు ఎర్తు ఎందుకు?

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి రాయవలసిందని సంపాదకవర్గ మిత్రులు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, శాసనాలు మనసులో మెదలడం సహజం. అవి రాయగల పండితులు మన సభ్యులలోనే ఉన్నారు. నేను ముప్ఫై ఆరేళ్ళపాటు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నా బల్ల మీదుగా నడిచిన ఫైళ్ళలో తనిఖీ రిపోర్టులు, నోటీసులు, ప్రమాదాల విచారణ కాగితాలు ఎక్కువ. అందుచేత నాకు కొద్దో గొప్పో తెలిసిన చరిత్ర రూల్సు చరిత్ర. ఒక రూలు ఎప్పుడు పుట్టింది, ఏ ముప్పు చూసి పుట్టింది అన్నదే ఆ చరిత్ర.

ఈ వ్యాసానికి నేను తీసుకున్న వస్తువు గాలి కంప్రెసరు, దానికి కట్టే ఎర్తు తీగ. ఇందులో చరిత్ర ఏముందని పాఠకులు అనుకోవచ్చు. మన సభ్యులలో అనేకుల కొడుకులు, మనవలు టైర్ల షాపులో, వాటర్ సర్వీసింగు సెంటర్లో, కార్లకు రంగు వేసే షెడ్లో పెట్టుకొని బతుకుతున్నారు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో కొంత తీసి పెట్టుబడి పెట్టింది మనమే. ఆ షాపులన్నింటిలోనూ మూలన ఒక కంప్రెసరు డబడబమని తిరుగుతూ ఉంటుంది. షాపు బోర్డు ఎంత పెద్దదిగా ఉండాలో, ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలో మనం ఆలోచిస్తాం. ఆ మిషనుకు ఎర్తు ఉందా అని మాత్రం అడగం. ఈ నాలుగు మాటలు ఆ ప్రశ్న అడిగించడానికే.

గాలికి బలం వచ్చిన వైనం

గాలిని కుదించి పనిచేయించుకోవడం కొలిమి తిత్తి అంత పాత సంగతి. అయితే పెద్ద ఎత్తున యంత్రాలకు వాడి ప్రపంచాన్ని ఒప్పించినది ఆల్ప్స్ పర్వతాల సొరంగం. ఫ్రాన్సు, ఇటలీల మధ్య మాంట్ సెనిస్ అని పిలిచే రైలు సొరంగాన్ని 1857లో తవ్వడం మొదలుపెట్టారు. పొడవు సుమారు 13 కిలోమీటర్లు. ఆవిరి యంత్రాన్ని లోపలికి తీసుకుపోతే పొగకు మనుషులు ఉక్కిరిబిక్కిరి అవుతారు. చేతి ఉలితో తొలిస్తే ఒక తరం గడిచిపోతుంది. అప్పుడు జెర్మేన్ సొమెయే అనే ఇంజనీరు కొండ బయట నీటి బలంతో గాలిని కుదించి, గొట్టాల ద్వారా లోపలికి పంపి, ఆ గాలితో రాతిని తొలిచే యంత్రాలను 1861 నుండి నడిపించాడు. పని చేసి వదిలిన గాలే లోపలి కూలీలకు ఊపిరి కూడా అయింది. 1871లో సొరంగం తెరిచారు. సొమెయే మాత్రం ప్రారంభోత్సవం చూడకుండానే అదే ఏడాది కన్నుమూశాడు.

మన పొరుగునే ఇలాంటి ఉదాహరణ కోలారు బంగారు గనులు. చిత్తూరు జిల్లా కుప్పం సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న ఆ గనులలో తమిళులతోపాటు తెలుగువారు కూడా తరతరాలుగా పనిచేశారు. 1902లో కావేరి నది మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుండి 92 మైళ్ళ దూరం తీగలు లాగి ఆ గనులకు కరెంటు ఇచ్చారు. ఆ రోజులలో అంత దూరం కరెంటును మోసుకురావడం ప్రపంచంలోనే గొప్ప విషయం. నేల మీద కంప్రెసర్లు, నేల కింద గాలితో నడిచే డ్రిల్లులు. ఆ గనులు చివరికి పదివేల అడుగుల లోతు దాటాయి. 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.

ఆ తరువాత కంప్రెసరు మన ఊళ్ళలోకి నడిచి వచ్చింది. బావి తవ్వేచోట బండను తొలవడానికి ట్రాక్టరు వెనుక కట్టుకొచ్చారు. బోరు వేసే లారీ మీద ఎక్కించారు. చివరికి సైకిలు షాపుదాకా వచ్చింది. ఒకప్పుడు గనుల యజమానులు ఇంజనీర్లను నియమించుకొని నడిపిన యంత్రాన్ని నేడు పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒక్కడే నడుపుతున్నాడు. యంత్రం చిన్నదయింది. అందులోని ప్రమాదం మాత్రం అలాగే ఉంది.

ట్యాంకులో దాగిన పదహారు టన్నులు

కంప్రెసరుకు రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి గాలిది, రెండోది కరెంటుది. మొదట గాలి సంగతి మనవి చేస్తాను.

షాపులలో ఉండే ట్యాంకులో గాలి ఒత్తిడి మామూలుగా చదరపు సెంటీమీటరుకు 8 నుండి 10 కిలోలు. కారు టైరుకు కావలసింది రెండు కిలోల పైచిలుకు మాత్రమే. 45 సెంటీమీటర్ల వ్యాసం గల ట్యాంకు చివరి మూతను తీసుకోండి. దాని వైశాల్యం సుమారు 1,590 చదరపు సెంటీమీటర్లు. పది కిలోల ఒత్తిడి దగ్గర ఆ మూతను లోపలి గాలి నెట్టే బలం దాదాపు 16 టన్నులు. అంటే నిండా ఇసుక పోసిన లారీ ఒకటి ఆ రేకు మీద కూర్చున్నట్లే. రేకు గట్టిగా ఉన్నంతకాలం ఆ లారీ కదలదు.

దీనికి మందు కనిపెట్టి మూడు శతాబ్దాలు దాటింది. 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎముకలను కూడా మెత్తగా ఉడికించే మూసిన పాత్రను తయారుచేశాడు. అది పేలకుండా, ఒత్తిడి మించితే తనంత తానే తెరుచుకొనే బరువు మూతను అమర్చాడు. నేడు మన వంటింటి ప్రెషర్ కుక్కరు మీది వెయిటు దాని వారసురాలే. కంప్రెసరు ట్యాంకు మీద చిన్న రింగుతో కనిపించే ఇత్తడి సేఫ్టీ వాల్వు కూడా ఆ వంశంలోదే.

మందు ఉన్నా వేసుకోకపోతే ఏమవుతుందో 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్ పట్టణంలో తెలిసింది. అక్కడి చెప్పుల ఫ్యాక్టరీలో ఆవిరి బాయిలరు పేలి, భవనం కూలి, మంటలంటుకొని 58 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత ఆ రాష్ట్రం బాయిలర్లకు రూల్సు చేసింది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం బాయిలరు కోడ్ తయారుచేసింది. మన దేశంలో బాయిలర్ల చట్టం 1923లో వచ్చింది. మంట లేకుండా ఒత్తిడి మోసే ట్యాంకులకు 1969లో ఐ.ఎస్. 2825 అనే భారతీయ ప్రమాణం ఏర్పడింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షనులో, గాలి ఒత్తిడికి మించి పనిచేసే ప్లాంటు ఏదైనా సురక్షితమైన ఒత్తిడిని దాటకుండా తగిన చర్యలు తీసుకోవాలని రాశారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆ చట్టం కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది కూలీలున్న ఫ్యాక్టరీల కోసం చేసినది. ఇద్దరు కుర్రవాళ్ళున్న పంక్చరు షాపు దాని చూపులో పడలేదు. ఫ్యాక్టరీకి ఇన్‌స్పెక్టరు వస్తాడు, మన మనవడి షాపుకు రాడు. అక్కడ ఇన్‌స్పెక్టరు పని చేయవలసింది ఇంటి పెద్దే.

భూమికి తీగ కట్టినవారు

ఇక కరెంటు సంగతి. భూమికి మొట్టమొదట తీగ కట్టింది పిడుగుకు భయపడి. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం ప్రయోగంతో పిడుగు అంటే విద్యుత్తేనని చూపిన తరువాత, ఎత్తయిన కట్టడాల మీద ఇనుప కడ్డీలు పెట్టి భూమిలోకి దించడం వ్యాపించింది.

రెండోసారి భూమిని వాడుకున్నది తంతి శాఖ. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే శాస్త్రజ్ఞుడు టెలిగ్రాఫుకు రెండు తీగలు అక్కరలేదని, తిరుగు ప్రయాణానికి భూమే తీగగా పనికివస్తుందని కనుగొన్నాడు. ఖర్చు సగమైంది. మన దేశంలో 1839లోనే కలకత్తాలో ఓషానెస్సీ అనే వైద్యుడు టెలిగ్రాఫు ప్రయోగాలు చేశాడు. 1850ల నుండి దేశమంతటా తీగలు పరిచారు. మన తరానికి మంచి కబురూ చెడు కబురూ తెచ్చిన టెలిగ్రాం వెనుక భూమి కూడా పనిచేసింది. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయిన సంగతి సభ్యులకు తెలిసినదే.

మనిషి ప్రాణం కాపాడటానికి మిషను ఒంటికి ఎర్తు కట్టాలన్న ఆలోచన నెమ్మదిగా వచ్చింది. 1882లో లండనులో వెలువడిన మొట్టమొదటి వైరింగు రూల్సు పేరులోనే అగ్నిప్రమాదాల నివారణ అని ఉంది. అప్పటి భయం ఇల్లు తగలబడుతుందని. కరెంటు గొప్పవారి ఇళ్ళలో, ఎత్తున వేలాడే దీపాలలో ఉన్నంతవరకు మనుషులు దానిని ముట్టుకొనే అవసరం తక్కువ. ఇస్త్రీపెట్టె, నీటి మోటారు, బట్టలుతికే మిషను వచ్చాక తడి చేతులు ఇనుమును తాకడం మొదలైంది. అమెరికాలో 1947లో బట్టలుతికే గది ప్లగ్గుకు ఎర్తు ఉండి తీరాలన్నారు. కొత్తగా పెట్టే ప్లగ్గులన్నింటికీ ఆ రూలు రావడానికి 1962 దాకా పట్టింది. ముందు తడి గది, తరువాత మిగిలిన ఇల్లు. కంప్రెసరున్న సర్వీసింగు షెడ్డు రోజంతా తడి గదే అన్నది గుర్తుంచుకోవాలి.

మన ఇళ్ళలోని మూడు గుండ్రని పిన్నుల ప్లగ్గు 1934లో బ్రిటనులో వెలువడిన ప్రమాణానికి సంతతి. దానిలో మూడో పిన్ను మిగిలిన రెండింటికంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. ఎందుకో ఆలోచించారా? పొడుగ్గా ఉండడంవల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నింటికంటే ముందుగా ఎర్తు తగులుతుంది. తీసేటప్పుడు అన్నింటికంటే ఆఖరుగా వదులుతుంది. కాపలాదారు ఇంటివారికంటే ముందు లేచి, వారు పడుకున్నాక పడుకున్నట్లు.

కాపలా ఎలా పనిచేస్తుంది?

మా వియ్యంకుడు ఒకసారి నన్ను అడిగారు: "బావగారూ, రెండు తీగలతోనే మిషను శుభ్రంగా తిరుగుతోంది కదా. మూడోది ఏ పనీ చేయడం లేదు. దానికి ఖర్చెందుకు?" చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇదే. మూడో తీగ రోజూ పనిచేయదన్నది నిజమే. పని పడిన రోజున మాత్రం ఆ పని చేయడానికి ఇంకెవరూ ఉండరు.

కరెంటు భూమిలో ఇంకిపోతుందని మనవాళ్ళు అనుకుంటారు. అది సరికాదు. కరెంటు ఎక్కడినుండి బయలుదేరిందో ఆ ట్రాన్స్‌ఫార్మరుకే తిరిగి చేరాలని చూస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రలును ముందే భూమికి కట్టి ఉంచుతారు. మోటారు లోపల ఫేజు తీగ మీది తొడుగు చెడి, ఇనుప ఒంటిని తాకిందనుకోండి. ఎర్తు లేకపోతే మిషను మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. ఒళ్ళంతా మాత్రం 230 వోల్టులు నిలిచి ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకున్నవాడు ఆ కరెంటుకు దారి అవుతాడు. చర్మం తడిగా ఉంటే మనిషి నిరోధం సుమారు వెయ్యి ఓములు. అంటే 230 మిల్లీ ఆంపియర్లు. 60 వాట్ల బల్బుకు పారేదానికంటే ఇది తక్కువ.

ఎంత కరెంటు తగిలితే మనిషి పట్టు వదిలించుకోలేడు అన్నది అమెరికాలో చార్లెస్ డాల్‌జీల్ అనే ఆచార్యుడు 1940లలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి మీద జాగ్రత్తగా పరీక్షించాడు. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు పదిన్నర. అంతకు మించితే కండరాలు బిగుసుకుపోయి చేయి తెరుచుకోదు. బల్బును కూడా వెలిగించలేని కరెంటు మనిషిని పట్టి ఉంచగలదన్నమాట.

ఎర్తు బాగుంటే తెగిన తొడుగు దగ్గరి కరెంటు మనిషిని వెతుక్కోకుండా తీగ వెంట పరుగెడుతుంది. ప్రవాహం ఒక్కసారి పెరిగి ఫ్యూజు కాలుతుంది. లేదా ఎం.సి.బి. పడిపోతుంది. ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఎర్తు గొయ్యి నిరోధం 10 ఓములైతే పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడడానికి కూడా అది వెంటనే చాలదు. ఎండిపోయిన గొయ్యి 50 ఓములు చూపితే పారేది 4.6 ఆంపియర్లే. ఫ్యూజుకు చీమ కుట్టినట్లు కూడా ఉండదు. పేరుకు ఎర్తు ఉంటుంది, రక్షణ ఉండదు. ఫ్యూజులో లావుపాటి రాగితీగ చుట్టినచోట మంచి ఎర్తు కూడా ఓడిపోతుంది.

ఈ లోటు తీర్చినది కూడా గనులే. 1955లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు, పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని పోల్చి, తేడా వస్తే సరఫరాను తెంచే సాధనాన్ని తయారుచేశాడు. 1961లో డాల్‌జీల్ అమెరికాలో మరింత సున్నితమైనదాన్ని రూపొందించాడు. నేడు ఎలక్ట్రీషియన్లు ఆర్.సి.సి.బి. అని, పాత అలవాటుతో ఇ.ఎల్.సి.బి. అని పిలిచేది ఈ కోవలోదే. ఇళ్ళకు పెట్టేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోతుంది. జమాఖర్చుల పుస్తకంలో రూపాయి తేడా వస్తే ఖజానా మూసే అకౌంటెంటు లాంటిది.

మన దేశపు రూల్సు

మన దేశంలో విద్యుత్ చట్టం 1910లో స్థిరపడింది. దానికింద 1956లో వచ్చిన భారత విద్యుత్ రూల్సుతో నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. 33వ రూలు ప్రకారం సరఫరాదారు వినియోగదారుని ఇంటివద్ద అందుబాటులో ఎర్తు టెర్మినలు ఏర్పాటు చేయాలి. త్రీఫేజు వాడేవారు దానికితోడు సొంత ఎర్తు కూడా పెట్టుకోవాలి. 61వ రూలు ప్రకారం త్రీఫేజు మోటారు ఒంటిని రెండు వేరువేరు తీగలతో భూమికి కలపాలి. రెండెందుకు? ఒకటి తుప్పుపట్టి తెగినా రెండోది ఉంటుందని. రూలు రాసినవారికి మనిషి మరపు సంగతి బాగా తెలుసు.

ఎర్తు గొయ్యి ఎలా ఉండాలో ఐ.ఎస్. 3043 చెబుతుంది. అది మొదట 1966లో వచ్చి, 1987లోనూ 2018లోనూ సవరణ పొందింది. 1910 చట్టం స్థానంలో 2003 విద్యుత్ చట్టం వచ్చింది. 1956 రూల్సు స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి. 2023లో వాటిని కొత్తగా ప్రకటించారు. సెక్షన్ల నంబర్లు మారాయి. ఎర్తు కట్టమన్న మాట మాత్రం మారలేదు.

కరెంటు ప్రమాదం జరిగితే తెలియజేయాలని పాత చట్టంలో 33వ సెక్షను, కొత్త చట్టంలో 161వ సెక్షను చెబుతున్నాయి. అలా వచ్చిన కాగితాలలో ఒకటి నాకు నేటికీ గుర్తుంది. ఒక చిన్న పట్టణం. టైర్లకు గాలి కొట్టే కుర్రవాడు. వర్షం కురిసిన మరుసటి ఉదయం కంప్రెసరును పక్కకు జరపబోయి చనిపోయాడు. రిపోర్టు ఒకటిన్నర పేజీ. మిషనుతో వచ్చిన తీగ మూడు పోగులదే. గోడకున్న ప్లగ్గుకు రెండు బెజ్జాలే ఉండడంచేత మూడో పిన్నును ఎవరో కోసివేశారు. వయసు అన్న గడిలో 19 అని, ఆధారపడినవారు అన్న గడిలో తల్లి అని రాసి ఉంది. కోసిన ఆ పిన్ను ఖరీదెంతో రిపోర్టులో రాయడానికి గడి లేదు. అప్పటినుండి రూల్సు పుస్తకం నాకు ఎండిన అక్షరాల మూటలాగా కనిపించలేదు.

బిగించేటప్పుడు చూడవలసినవి

పని లైసెన్సుగల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతనే చేయించాలి. అయినా పెద్దవారు పక్కన నిలబడి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

మొదటిది చోటు. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. కాళ్ళకింద రబ్బరు దిమ్మలు వేయాలి. మిషనును గోడకు ఆనించకూడదు. గాలి ఆడకపోతే మోటారూ తలా వేడెక్కుతాయి. నీళ్ళు చిమ్మే చోటికి, పెయింటు కొట్టే చోటికి దూరంగా ఉండాలి. బెల్టు మీద జాలీ గార్డు తప్పదు. మన ఇళ్ళ ఆడపిల్లల చున్నీలు, చీర కొంగులు బెల్టుకు ఎంత దూరంలో ఉంటాయో ఆలోచించుకోవాలి.

రెండోది లైను. రెండు హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు సుమారు పది ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. కనుక బోర్డు నుండి దానికి వేరే లైను, సొంత ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. ఉండాలి. టీవీకి వాడే ఎక్స్‌టెన్షను బాక్సు దీనికి పనికిరాదు. సన్నని పొడుగు తీగలో వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది, తీగ తొడుగు కరుగుతుంది.

మూడోది ఎర్తు తీగ. ఆకుపచ్చ తీగ మిషను ఒంటికి తగిలేచోట రంగు గీకి, లగ్గు వేసి, స్ప్రింగు వాషరుతో బిగించాలి. కంప్రెసరు అదిరే మిషను. మామూలు నట్టు కొన్ని నెలలలో వదులవుతుంది. ఫ్రిజ్జుకు లేని చిక్కు దీనికి ఉన్నది ఇక్కడే. త్రీఫేజు అయితే రెండు తీగలు, రెండు వేరు దారులు.

నాలుగోది గొయ్యి. కనీసం 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. పైపును నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయడం మనదగ్గర పాత పద్ధతి. గోడకు మీటరున్నర దూరం ఉండాలి. పైన గరాటు పెట్టి, ఇటుకలతో చిన్న తొట్టి కట్టి మూత వేయాలి. రాయలసీమ, పాలమూరు ఎండలలో నేల ఎండినప్పుడు గొయ్యిలో నీళ్ళు పోయాలి. పోసి ఊరుకోకుండా ఎర్తు టెస్టరుతో ఎన్ని ఓములో కొలిపించి, ఆ అంకె తేదీతో సహా గోడ మీద రాయించాలి.

చేయకూడనివి రెండు. మొదటిది కుళాయి పైపుకు ఎర్తు కట్టడం. ఒకప్పుడు ఇనుప పైపులు భూమిలో దూరం పోయేవి కాబట్టి ఆ అలవాటు వచ్చింది. ప్లాస్టిక్ పైపులు వచ్చాక అది ఎర్తు కాదు, వట్టి నమ్మకం. రెండోది న్యూట్రలు తీగను మిషను ఒంటికి కలిపి అదే ఎర్తు అనుకోవడం. న్యూట్రలు ఎక్కడైనా తెగిన మరుక్షణం మిషను ఒళ్ళంతా కరెంటు నిలుస్తుంది.

ట్యాంకుకు సంబంధించి మూడు మాటలు. రోజూ సాయంత్రం ఒత్తిడి తగ్గించి అడుగునున్న డ్రెయిన్ కాకు తిప్పి నీళ్ళు తీయాలి. కుదించిన గాలిలోని తేమ నీరై అడుగున చేరి, రేకును లోపలినుండి తుప్పు తినేస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సేఫ్టీ వాల్వు రింగును అప్పుడప్పుడు లాగి, అది తెరుచుకొంటున్నదో లేదో చూడాలి. గాలి కారుతోందని దానికి ప్లగ్గు కొట్టడం, చిల్లు పడిన ట్యాంకుకు వీధి వెల్డింగు చేయించడం ప్రాణాంతకం. గాలి గొట్టంతో ఒంటి మీది దుమ్ము దులుపుకోవడం, స్నేహితుల మీద పరాచికాలాడడం కుర్రవాళ్ళకు సరదా. ఆ గాలి ఒంట్లోకి పోతే ప్రాణం తీస్తుంది. ఈ మాట వారికి గట్టిగానే చెప్పాలి.

ముగింపు

ఈ చరిత్రలో నాకు తెలిసినంతలో ఒకే నీతి ఉంది. మిషనులో పని చేసే భాగాలను మనం జాగ్రత్తగా చూసుకుంటాం, అవి ఆగితే బేరం ఆగిపోతుంది కాబట్టి. కాపాడే భాగాలు, అనగా ఎర్తు తీగ, సేఫ్టీ వాల్వు, బెల్టు గార్డు, చెడినా బేరం ఆగదు. అందుకే అవి చెడిన సంగతి ప్రమాదం జరిగాక గాని తెలియదు. వాటిని గుర్తుపెట్టుకొని చూడడానికి ఒక మనిషి కావాలి. ఆ తీరిక, ఆ ఓపిక షాపు నడిపే కుర్రవాడికంటే పింఛనుదారుకే ఎక్కువ.

కనుక సభ్యులకు నా మనవి ఇది. మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా. అది ఇచ్చిన వారంలోనే మన పిల్లల షాపుకు వెళ్ళి, మిషను ఎర్తును కొలిపించి, ఆర్.సి.సి.బి. మీది టెస్టు బటను నొక్కించి, సేఫ్టీ వాల్వు రింగు లాగించి, ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి సంతకం పెడదాం. ఆ పుస్తకం ఏ ఖజానాకూ పంపనక్కరలేదు. షాపు గోడకు మేకు కొట్టి తగిలిస్తే చాలు.